రెండు పసుపు గీతలు

సెంటుబాబు చేసిన మోసం గురించి డ్రైవరు పదకొండు రోజులుగా కనబడిన ప్రతి మనిషికీ చెబుతున్నాడు. మనిషి దొరకనప్పుడు గోడకి చెబుతున్నాడు.

"కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ ముంచాడు," అన్నాడు ఆ సోమవారం పొద్దున కూడా.

"మళ్ళీ మొదలా?" అంది భార్య, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

"ఆపితే కదా మళ్ళీ మొదలెట్టడానికి."

"వాడిని తిడితే కారు లేచి వస్తుందా?"

"రాదు. నా కడుపుమంట చల్లారుతుంది."

"పదకొండు రోజుల్నించి చల్లారనిది ఇవాళ చల్లారుతుందా?"

ఆమె పాదం నొక్కింది. మిషను కడకడలాడింది. ముందుగదిలో సగం చోటు ఆమె కుడుతున్న కర్టెన్ల గుడ్డే ఆక్రమించింది. ఒక లాడ్జీకి నలభై కిటికీల కర్టెన్లు. కారు షెడ్డుకి పోయినప్పటి నుంచీ ఇల్లు ఆ గుడ్డ మీదే నడుస్తోంది. ఆ సంగతి ఆమె ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎత్తిచూపలేదు. ఎత్తిచూపకపోవడమే డ్రైవరుకి ఎక్కువ గుచ్చుకుంటోంది.

సెంటుబాబు అసలు పేరు ఏదో ఉంది. కార్ల షోరూములో అమ్మకాల బల్ల దగ్గర కూర్చుంటాడు. పది అడుగుల దూరంలో ఉండగానే అతని సెంటు వచ్చి పలకరిస్తుంది కాబట్టి డ్రైవరే ఆ పేరు పెట్టాడు.

కారుతో పాటు వచ్చిన రెండేళ్ళ వారంటీ ఇంకో నెలలో అయిపోతుందనగా మొదలైంది ఈ గొడవంతా. ఆ నెల ఫోనుకి ఊపిరాడలేదు. ఎవరో ఆడగొంతు రోజుకి రెండుసార్లు చేసి, ఇంకో మూడేళ్ళ వారంటీ సగం ధరకే ఇస్తామనేది. మీ ఆఫీసు ఎక్కడమ్మా అని అడిగితే చాలు, లైను తెగేది. ఊరికి ఆ చివర ఉన్న ఇంకో డీలరు దగ్గరికి వెళ్తే, కారు మా దగ్గర కొనలేదు కదా అని ముఖం మీదే అని, పైగా మూడు వేలు ఎక్కువ చెప్పాడు. తిరిగి తిరిగి కొన్నచోటికే వచ్చారు. భార్య కూడా వెంట వచ్చింది. బేరం ఆడింది ఆమే. నలభై ఆరు వేలు అన్నదాన్ని నలభై ఒక్క వేల ఆరు వందలకి దింపింది. సీటు కవర్లు ఉచితం అనిపించుకుంది. అవి ఇంతవరకూ రాలేదు.

సంతకం పెట్టే ముందు డ్రైవరు ఒక్కటే అడిగాడు. "మా బావమరిది మీ వర్కుషాపులోనే మెకానిక్కు. చిన్నాచితకా పని ఇంటి దగ్గర చూస్తే ఫరవాలేదా?"

"మీ ఇంటి మనిషే కదన్నా, ఇంకేం కావాలి," అన్నాడు సెంటుబాబు నవ్వుతూ. "మూడేళ్ళు కళ్ళు మూసుకుని నడుపుకో."

డ్రైవరు ఆరో తరగతితో చదువు ఆపేసినవాడు. పెద్ద అక్షరాలు బాగానే చదువుతాడు. ఆ కాగితంలో అసలు విషయం చిన్న అక్షరాల్లో ఉంది. గేర్‌బాక్సు మూత డీలరు వర్కుషాపులో తప్ప ఇంకెక్కడ తెరిచినా వారంటీ చెల్లదని ఉంది.

ఆ మూత తెరుచుకుంది. ఒక ఆదివారం ఇంటి ముందరే తెరుచుకుంది.

మూడో గేరులో సన్నగా ఏడుస్తున్నట్టు చప్పుడు వస్తోందని డ్రైవరు చెప్పాడు. "షెడ్డులో ఇస్తే మూడు రోజులు ఉంచేస్తారు బావా, నీ ట్రిప్పులు పోతాయి, నేను చూస్తాలే," అన్నాడు బావమరిది. కారు కింద దూరి, మూత విప్పి, నూనె తీసి, లోపలంతా లైటు వేసి చూసి, కొత్త నూనె పోసి బిగించాడు. మనిషి పనికి వంక పెట్టడానికి లేదు. పన్నెండు బోల్టులూ బిగించాక, అలవాటు ప్రకారం ఒక్కోదాని మీద పసుపు రంగు పెన్నుతో రెండేసి గీతలు గీశాడు.

ఆ గీతలే కొంప ముంచాయి.

వర్కుషాపులో అందరూ బిగించిన బోల్టు మీద తెల్లగా ఒక్క గీత గీస్తారు. ఇతనికి పని నేర్పిన ముసలి మేస్త్రీ మాత్రం రెండు గియ్యమనేవాడు. ఒకటి బిగించినందుకు, రెండోది మళ్ళీ పట్టి చూసినందుకు. గీత లేని బోల్టు కనిపిస్తే వీపు చిట్లగొట్టేవాడు. ఎనిమిదేళ్ళు గడిచినా ఆ చెయ్యి మారలేదు. వర్కుషాపులో ఇతన్ని 'రెండుగీతలు' అనే పిలుస్తారు. దొంగతనంగా చేసిన పని మీద కూడా సంతకం పెట్టి వచ్చేది ఇతనొక్కడే.

రెండు నెలల తరవాత గేర్‌బాక్సు నడిరోడ్డు మీద చచ్చిపోయింది. అప్పుడు కారులో ముగ్గురు కిడ్నీ రోగులున్నారు. వారానికి మూడు రోజులు వాళ్ళని ఆసుపత్రికి రక్తం శుభ్రం చేయించుకోవడానికి తీసుకెళ్ళి తీసుకురావడమే డ్రైవరు బతుకుతెరువు. కారును షెడ్డుకి లాక్కెళ్ళారు. మూత చూశారు. ఫొటోలు తీశారు.

మొన్న శుక్రవారం సర్వీసు మేనేజరు డ్రైవరును పిలిచి మెత్తగా మూడు మాటలు చెప్పాడు. ఎవరు తెరిచారో తెలియదంటే వారంటీ పోతుంది. బయట తెరిపించానన్నా, నేనే తెరిచానన్నా పోతుంది. మా వర్కుషాపు మనిషి తెరిచాడంటే మాత్రం, మా మనిషి పనికి పూచీ మాదే కాబట్టి ఖర్చు మేమే భరించాలి. కాని అలా బయట పని చేసినవాడు ఆ పూటే ఇంటికి పోతాడు, ఎందుకు పోయాడో రాసిచ్చి మరీ పంపుతాం, ఇంకే కంపెనీ షెడ్డూ గడప తొక్కనివ్వదు. ఏ సంగతో సోమవారం సాయంత్రం నాలుగులోపు రాసి ఇవ్వండి.

ఆ సోమవారం ఇదే.

"అయితే ఏం రాస్తున్నావు?" అంది భార్య. మిషను ఆగిపోయింది.

"నువ్వు చెప్పు."

"కారు నీది."

"తమ్ముడు నీవాడు."

ఆమె దారాన్ని పళ్ళతో తెంపింది. "కాగితం రాసేవాడివి నువ్వు. నన్నెందుకు అడుగుతావు? రేపు ఏదైనా అయితే నువ్వే చెప్పావు కదా అనడానికా?"

"ఎప్పుడన్నాను అలా?"

"పెళ్ళయి పదహారేళ్ళు. ఎన్నిసార్లు అన్నావో లెక్కపెట్టమంటావా?"

డ్రైవరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బయట కారు పెట్టే చోట నేల మీద నూనె మరక ఒక్కటే ఉంది.

"వాడికి తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది," అంది ఆమె, ఈసారి గొంతు తగ్గించి. "నేను కుట్టిన మొదటి చొక్కా వాడిదే. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అదే వేసుకుని బడికి పోయాడు. ఎవరో నవ్వితే కొట్టి వచ్చాడు."

"నాకు తెలుసు."

"తెలిసినా చెబుతున్నాను."

"వాడికి అన్యాయం చెయ్యమని నేను అన్నానా? ఇక్కడ నా నోట్లో మన్ను పడుతోంది. బుధవారానికి కారు రాకపోతే ఆసుపత్రివాళ్ళు వేరే బండి చూసుకుంటామన్నారు. అదీ నీకు తెలుసు."

"తెలుసు."

"మరి?"

ఇద్దరి మధ్యా గుడ్డ కుప్పగా పడి ఉంది.

అప్పుడు మోగింది ఫోను. అవతల టీచరమ్మ. డెబ్బై దాటిన మనిషి, మంగళవారం, గురువారం, శనివారం ముందు సీట్లో కూర్చుని దారిపొడుగునా డ్రైవరుకి తప్పులు దిద్దేది.

"రేపైనా వస్తావా నాయనా?"

"ఇవాళ తేలిపోతుందమ్మా."

"శనివారం వచ్చినవాడు బండి గుంతల్లో దూకించాడు. చేతికి సూది పొడిచిన చోట మళ్ళీ రక్తం వచ్చింది. నువ్వయితే చూసి పోనిస్తావు."

"రేపు నేనే వస్తానమ్మా."

"మొన్న గురువారం కూడా ఇదే అన్నావు. సరే, పెట్టేస్తున్నా, ఆయాసం వస్తోంది."

డ్రైవరు ఫోను జేబులో పెట్టుకునేసరికి గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు.

షెడ్డు యూనిఫారంలోనే ఉన్నాడు. డ్యూటీకి పోయే దారిలో కాసేపు ఆగినట్టున్నాడు. ఎంత కడిగినా గోళ్ళ అంచున నలుపు వదలని చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, తప్పు చేసి హెడ్మాస్టరు గదిముందు నిలబడ్డట్టున్నాడు.

"రా, కూర్చో," అంది అక్క. "ఏమైనా తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం."

"టీ తాగాను అక్కా."

ఆమె లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు కొంచెం ఎక్కువగా వినిపించింది. మగవాళ్ళిద్దరూ కుట్టిన కర్టెన్ల మధ్య ఇరుకుగా కూర్చున్నారు.

"ఏమంటున్నారు షెడ్డులో?" అని అడిగాడు డ్రైవరు.

"ఏమీ అనరు. అందరూ చూస్తారు. ఎవరూ ఏమీ అనరు."

"ఆ గీతలు నీవని అందరికీ తెలుసు కదా."

"తెలుసు."

"ఎందుకు గీశావురా బాబూ? ఇంటిముందు చేసే పనికి గీతలెందుకు?"

బావమరిది చేతులు ముందుకి తెచ్చి చూసుకున్నాడు. "గుర్తు లేదు బావా. గీశానని కూడా గుర్తు లేదు. ఫొటో చూశాకే తెలిసింది."

డ్రైవరుకి తిట్టాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆ మాటలో అబద్ధం కనబడలేదు. తనైనా ఖాళీ కారులో కూర్చున్నా ముందు అద్దం సర్దుకుంటాడు. ఆ సర్దడం తనకి తెలియనే తెలియదు.

అక్క పళ్ళెం తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. అతను నాలుగు ముద్దలు తిని ఆపాడు.

"వచ్చేనెల ఫోర్‌మన్‌ని చేస్తామన్నది ఏమైంది?" అంది ఆమె.

"ఇదంతా తేలాక చూద్దామన్నారు."

"తేలాక అంటే?"

"తేలాకే అక్కా."

ఆమె నిలబడే ఉంది. మొగుడి వంక చూడలేదు, తమ్ముడి వంక చూడలేదు. గోడ మీద పనిచేయని గడియారం వంక చూస్తోంది.

బావమరిది పళ్ళెం పక్కకి జరిపాడు. తల వంచుకునే అన్నాడు.

"బావా, నా పేరు చెప్పెయ్యి."

"ఏంటి?"

"చెప్పెయ్యి. వాడే తెరిచాడని రాసెయ్యి. తప్పు నాది. నీ పొట్ట కొట్టి నేనేం బాగుపడతాను?"

అక్క గోడకి ఆనుకుంది. నోరు తెరవబోయి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పదకొండు రోజులుగా డ్రైవరు ఈ మనిషి మీద లోలోపల ఎంత కోపం పెంచుకున్నాడో అదంతా ఒక్క మాటకి కారిపోయినట్టయింది. వాడు గడపలో నిలబడి బతిమాలి ఉంటే, ఏడిచి ఉంటే, ఎదురు తిరిగి ఉంటే నిబ్బరంగా వెళ్ళి పేరు చెప్పేసేవాడే. ఇలా మెడ వంచి ముందుకి వచ్చినవాడిని ఏం చేస్తాడు?

"డ్యూటీకి పో," అన్నాడు గరుకుగా. "నేను చూసుకుంటాను."

అతను వెళ్ళిపోయాడు. భార్య పళ్ళెం తీస్తూ, "ఏం చూసుకుంటావు?" అని అడిగింది.

డ్రైవరు చొక్కా మార్చుకుని బయటికి నడిచాడు.

షోరూము ముందు భాగమంతా అద్దం. లోపల ఆరు కొత్త కార్లు ధూళి లేకుండా మెరుస్తూ నిలబడి ఉన్నాయి. వాటి మధ్య తిరిగేవాళ్ళు ఆసుపత్రిలో లాగా గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. కొనేవాళ్ళకి సోఫాలు, రిపేరుకి వచ్చినవాళ్ళకి వెనకవైపు ప్లాస్టిక్ కుర్చీలు. రెండేళ్ళ కింద డ్రైవరు సోఫాలో కూర్చున్నాడు. ఇవాళ కుర్చీ వెతుక్కున్నాడు.

కనబడే ముందే సెంటు వచ్చింది.

సెంటుబాబు ఒక కొత్త జంటకి కారు తలుపు తీసి చూపిస్తున్నాడు. డ్రైవరును చూశాడు. చూపు తిప్పుకోబోయి, ఆలస్యమైపోయిందని తెలుసుకుని నవ్వాడు.

"అన్నా, బాగున్నావా?"

"నా సీటు కవర్లు ఎప్పుడిస్తావు?"

సెంటుబాబు నవ్వు అలాగే ఉండిపోయింది. "స్టాకు రాలేదన్నా."

"మూత మా ఇంటి మనిషి తెరిస్తే ఫరవాలేదన్నావు. స్టాకు లేనిది ఆ మాటకి కూడానా?"

కొత్త జంటలో ఆడమనిషి తిరిగి చూసింది.

"నేను అలా అనలేదన్నా. నువ్వు అలా అర్థం చేసుకున్నావేమో. అన్నీ కాగితంలో ఉంటాయి కదా." గొంతు ఇంకా తగ్గించాడు. "ఇక్కడ వద్దన్నా. నేనూ పొట్టకోసమే."

"అందరం పొట్టకోసమేరా. నీ పొట్టే కనబడుతోంది నీకు."

సెంటుబాబు జంటను తీసుకుని ఇంకో కారు వైపు జరిగాడు. వారంటీ గురించి అమ్మాయి ఏదో అడిగింది. "మూడేళ్ళు కళ్ళు మూసుకుని నడుపుకోవచ్చు మేడం," అన్నాడు. ఆ మాట డ్రైవరు చెవిన పడింది. లేచి వెళ్ళి ఆ అమ్మాయికి చెబుదామనుకున్నాడు. ఈలోగా తనని లోపలికి పిలిచారు.

మేనేజరు గది చిన్నది. ఒకవైపు గోడ అద్దం, దాని అవతల వర్కుషాపు. లిఫ్టుల మీద నాలుగు కార్లు పొట్టలు చూపిస్తూ పైకి లేచి ఉన్నాయి. చివర, కింద నేల మీద, మూత విప్పి పెట్టిన తన కారు. ఇన్ని రోజుల్లో దాని మీద పేరుకున్న దుమ్ములో ఎవరో వేలితో ఏదో లెక్క వేశారు.

"కూర్చోండి," అన్నాడు మేనేజరు. కళ్ళజోడు, చక్కగా దువ్విన తల, పక్కన మందుబిళ్ళల డబ్బా. చెడ్డవాడిలా ఉండడు. అదే పెద్ద చిక్కు. "టీ తాగుతారా?"

"వద్దండి."

"ఏం అనుకున్నారు?"

బల్ల మీద ఫొటోలు పరిచి ఉన్నాయి. పన్నెండు బోల్టులు, ఒక్కోదాని మీద రెండేసి పసుపు గీతలు. కొలిచి గీసినంత తిన్నగా ఉన్నాయి.

"ఇవి ఎవరివో మీకు తెలుసు కదండీ," అన్నాడు డ్రైవరు.

"నాకు తెలిసింది ముఖ్యం కాదు. మీరు రాసేది ముఖ్యం."

"నేను పేరు రాస్తే మీకే కదా ఖర్చు?"

"అవును. నేను దాచడం లేదు. రాయండి, కడతాం. ఆ మనిషి ఈ సాయంత్రమే వెళ్ళిపోతాడు. మీకు బలవంతం ఏమీ లేదు." మేనేజరు ఒక తెల్ల కాగితం, పెన్ను ముందుకి జరిపాడు. "మీ సొంత మాటల్లో రాయండి."

డ్రైవరు పెన్ను పట్టుకున్నాడు. అద్దం అవతల, లిఫ్టు కింద, బావమరిది వీపు కనబడుతోంది. రెండు చేతులూ పైకెత్తి ఏదో విప్పుతున్నాడు. ఇటు తిరగలేదు.

టీచరమ్మ చెయ్యి గుర్తొచ్చింది. బుధవారం గుర్తొచ్చింది. ముందుగదిలో గుడ్డ, ఆ గుడ్డలో తల దించుకుని కుట్టే మనిషి గుర్తొచ్చింది. ఒక్క పేరు. నాలుగక్షరాల పేరు రాస్తే రేపటికల్లా కొత్త గేర్‌బాక్సు. ఇంటికి వెళ్ళాక ఆమె ఏమీ అనదు. వడ్డిస్తుంది, పక్క వేస్తుంది, జ్వరమొస్తే మందిస్తుంది. ఏమీ అనదు. చచ్చేదాకా ఏమీ అనదు.

పొద్దున ఆ మనిషి తల వంచుకుని అన్న మాట కూడా గుర్తొచ్చింది. నీ పొట్ట కొట్టి నేనేం బాగుపడతాను.

రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు పెద్దవిగా, వంకరగా వచ్చాయి. ఒక్క లైనుకి అయిదు నిమిషాలు పట్టింది. 'నా కారు గేర్‌బాక్సు మూత నేనే తెరిచాను. ఎవరికీ సంబంధం లేదు.'

మేనేజరు తీసుకుని చదివాడు. "గీతలు?"

"నేనే గీశాను."

"మీకు ఈ పని వచ్చా?"

"ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్నాను. మూత విప్పడం రాదా?"

"రెండు గీతలెందుకు?"

"ఒకటి చాలదనిపించింది."

మేనేజరు ఒక్క క్షణం అతని ముఖం చూశాడు. "సంతకం చెయ్యండి. దీనితో వారంటీ మొత్తం రద్దవుతుంది. మిగిలిన రెండేళ్ళ ఏడు నెలలు కూడా. తెలుసు కదా?"

"తెలుసు."

సంతకం చేశాడు. గుండె బరువు దిగినట్టే అయింది. ఇంటికి వెళ్ళి భార్య ముందు నిలబడడం కళ్ళకి కట్టింది. డబ్బు పోయింది, పోనీ. మనిషిలా నిలబడ్డాను అనుకున్నాడు.

మేనేజరు సొరుగు లాగి ఒక ఫైలు తీశాడు. డ్రైవరు రాసిన కాగితాన్ని లోపల ఉన్న ఇంకో కాగితం మీద పెట్టి, పిన్ను కొట్టాడు. కొట్టేముందు కింది కాగితం జరిగింది. ఆ రాత డ్రైవరు ఎరిగినదే. కారులో ఎప్పుడు నూనె మార్చాలో తారీకులు వేసి, స్టీరింగు పక్కన అంటించిన చీటీ మీద ఉన్న రాత.

"అదేంటండీ?"

"మా దగ్గర ఉండే కాగితం."

"చూపించండి."

"అవసరం లేదు మీకు."

"ఆ రాత మా ఇంట్లోదండీ. చూపించండి."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫైలు ఇవ్వలేదు. అలాగని మూయనూలేదు. బల్ల మీద తెరిచే ఉంచి, మందుబిళ్ళ తీసుకోవడానికి అటు తిరిగాడు.

డ్రైవరు వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. సదరు కారు యజమాని నాకు బావ అవుతాడు. ఆ కారు గేర్‌బాక్సు నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. బావ బయట ఎవరి చేతనో తెరిపించుకుని ఉంటాడు. ఫొటోలో ఉన్న గీతలు నావి కావు.

కింద సంతకం. దాని కింద తారీకు. శనివారం.

మళ్ళీ చదివాడు. సోమవారానికి ముందు వచ్చేది ఆదివారం, దానికి ముందు శనివారం. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే.

"ఇది ఉండగా నా చేత ఎందుకు రాయించారు?"

"ఒకటే ఉంటే పై ఆఫీసు ప్రశ్నలు వేస్తుంది. రెండూ మా మనిషి కాదంటే వెయ్యదు." మేనేజరు నీళ్ళు తాగి గ్లాసు పెట్టాడు. "మీరు పేరు రాసి ఉంటే ఏం చేసేవాడినో నాకూ తెలియదు. నిజం చెబుతున్నాను."

"నా కాగితం నాకివ్వండి."

"సంతకం అయిపోయిందండీ."

"అబద్ధం రాశాను. చింపేస్తాను."

"అబద్ధం రాశానని ఇంకో కాగితం రాయండి. పంపిస్తాను. మొదటిది ఎందుకు రాశారని అడుగుతారు. ఏం చెబుతారు?"

డ్రైవరు పెన్ను బల్ల మీద పడేసి లేచాడు.

బయటికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. పక్కన బూట్ల చప్పుడు ఆగింది. బావమరిది. చేతిలో కార్బను కాగితం పెట్టి రాసిన బిల్లు ఉంది.

"బావా, కారు ఇక్కడే బాగుచేయిస్తావా, బయటికి తీసుకెళ్తావా అని అడిగి రమ్మన్నారు. ఉంచితే రేపట్నించి రోజుకింత అని అద్దె వేస్తారు."

డ్రైవరు బిల్లు వంక చూడలేదు. "శనివారం రాశావా?"

బావమరిది నేల చూపులు చూశాడు.

"నిన్నే. శనివారం రాశావా?"

"రాయకపోతే సోమవారం నుంచి రావద్దన్నారు."

"సరే. రాశావు. భయపడ్డావు, రాశావు. అది అర్థమవుతుంది నాకు." డ్రైవరు లేవలేదు. గొంతు పెంచలేదు. "పొద్దున మా ఇంట్లో కూర్చుని, నా పేరు చెప్పెయ్యి బావా అన్నావే. అదెందుకు?"

వర్కుషాపులో ఎవరో గాలి తుపాకీతో చక్రం బోల్టులు విప్పుతున్నారు. ఆ చప్పుడు ఆగాక అన్నాడు.

"అలా అంటే నువ్వు చెప్పవని తెలుసు."

డ్రైవరు తల ఎత్తి చూశాడు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి చొక్కా వేసుకున్న పిల్లవాడి కోసం ఆ ముఖంలో వెతికాడు. ఫోర్‌మన్ కాబోయే మనిషి మాత్రమే కనబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడిచినందుకో, నూనె ఆవిరికో.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏమైంది?"

"అయిపోయింది."

"వాడి పేరు చెప్పావా?" ఆ వైపు మిషను చప్పుడు లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు.

"లేదు. నేనే తెరిచానని రాశాను."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. పదహారేళ్ళలో ఆమె ఏడుపు ఫోనులో వినడం ఇదే మొదలు.

"విన్నావా," అంది గొంతు సర్దుకుని. "నిన్ను ఎన్నో అన్నాను. అవేవీ మనసులో పెట్టుకోకు. ఈ ఒక్కటీ నేను మర్చిపోను."

డ్రైవరు ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశాడు. ఫోను లోంచి వచ్చే గొంతు అతనికీ వినబడుతోంది. బిల్లు పట్టుకున్న చెయ్యి కదలడం లేదు.

"వాడికి తెలుసా?" అంది ఆమె. "వాడికి ఇప్పుడే చెప్పకు. తన వల్లే నీకు ఇంత నష్టమొచ్చిందని కుంగిపోతాడు. పొద్దున చూశావుగా, ఎలా మాట్లాడాడో. సాయంత్రం ఇంటికి తీసుకురా, నేను మెల్లిగా చెబుతాను."

బావమరిది పెదవులు కదిలాయి. వద్దు అన్నాడో, చెప్పు అన్నాడో డ్రైవరుకి తెలియలేదు.

"వింటున్నావా? పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"సరే. ఎంత పోయిందో చెప్పు. మొత్తం చెప్పు, దాచకు. నేను తట్టుకోగలను. ఇంకో నలభై కిటికీలు కుడతాను."

డ్రైవరు చెయ్యి చాపాడు. బావమరిది బిల్లు ఆ చేతిలో పెట్టాడు. మూత తెరిచి చూసినందుకు ఎనిమిది వేల అయిదు వందలు. కొత్త గేర్‌బాక్సుకి లక్షా అరవై ఎనిమిది వేల మూడు వందల యాభై. చచ్చిపోయిన వారంటీకి కట్టినది ఆ కాగితంలో లేదు. దాన్ని తనే మనసులో కలుపుకున్నాడు. ఆరో తరగతిలో బడి మానేసినా కూడికలు ఎప్పుడూ తప్పలేదు.

"రెండు లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందల యాభై," అన్నాడు.